నొప్పి నడుములో ఉంటే మెడకు ఎంఆర్‌ఐ ఎందుకు?

మీ ప్రశ్నలోని సంగతులు ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. చండూరు దగ్గరి పల్లెలో ఉండే మీ నాన్నగారికి 61 ఏళ్లు. నడుము నొప్పి ఏనాటి నుంచో ఉంది, ఈ మధ్య నడక కూడా బిగుసుకుపోయింది. నల్లగొండలో డాక్టర్ గారు నడుము ఎక్స్‌రే చూసి, ముంజేతికి ఇంకో ఎక్స్‌రే, మెడకు ఎంఆర్‌ఐ రాశారు. నొప్పి ఒకచోట ఉంటే స్కాన్ మరోచోట రాయడమేమిటని మీ అనుమానం. హైదరాబాద్‌లో ఒళ్లంతా ఒకేసారి స్కాన్ చేయిస్తే అన్నీ తేలిపోతాయని మీ బంధువు ఒకరు చెప్పారు. అమ్మగారికి అల్ట్రాసౌండ్‌లో పిత్తాశయంలో రాయి కనిపించింది, సీటీ తీయిస్తే ఇంకా బాగా తెలుస్తుందా అని అడిగారు. మహబూబ్‌నగర్ వైపు కంకర క్రషర్‌లో పనిచేసే మీ మేనమామకు దగ్గు, ఎక్స్‌రేలో మచ్చలు. ఇన్ని ఎక్స్‌రేలు తీస్తే క్యాన్సర్ రాదా అన్నది చివరి ప్రశ్న.

నేను డాక్టర్‌ను కాను. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ప్రభుత్వ ఆసుపత్రుల్లో రేడియోగ్రాఫర్‌గా పనిచేసి రిటైరయ్యాను. రోగం పేరు చెప్పడం, మందు రాయడం నా పని కాదు. ఏ యంత్రానికి ఏది కనిపిస్తుంది, ఏది కనిపించదు అన్నంతవరకు మాత్రం నమ్మకంగా చెప్పగలను.

మొదట నాన్నగారి సంగతి. మెడకు ఎంఆర్‌ఐ అని రాసిన చీటీ గురించి చదవగానే, ఆ డాక్టర్ గారు మీ నాన్నగారిని బల్ల మీద పడుకోబెట్టి, మోకాలి దగ్గర చిన్న సుత్తితో కొట్టి, అరికాలు మీద గీసి చూసి ఉంటారని అనిపించింది. ఎందుకో చెబుతాను. మెదడు నుంచి కిందికి దిగే వెన్నుపాము మనం అనుకున్నట్టు తోక ఎముక వరకూ ఉండదు. పెద్దవాళ్లలో అది నడుము మొదటి, రెండో పూసల దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి కిందికి విడివిడి నరాలే దిగుతాయి. నడుములో పూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ జారి ఒక నరం నొక్కుకుంటే కాలు లాగుతుంది, తిమ్మిరెక్కుతుంది, సుత్తి దెబ్బకు కాలు ఎగరడం తగ్గుతుంది. పైన మెడలోనో వీపులోనో వెన్నుపామే నొక్కుకుంటే ఇదంతా తిరగబడుతుంది. కాళ్లు కట్టెల్లా బిగుసుకుంటాయి, సుత్తి తగలగానే కాలు మామూలు కంటే గట్టిగా ఎగురుతుంది. నడుము నొప్పి నడుములోనే ఉండవచ్చు, నడక పాడవడానికి కారణం మెడలో ఉండవచ్చు. రెండూ ఒకే మనిషిలో ఉంటే నొప్పి ఉన్నచోటే అందరూ వెతుకుతారు. నడుము ఎంఆర్‌ఐ మాత్రమే తీయిస్తే అందులో వెన్నుపాము చివరి కొస తప్ప మిగతాది కనిపించదు. ఆరేడు వేలు ఖర్చుపెట్టి, రిపోర్టులో 'డిస్క్ బల్జ్' (డిస్క్ ఉబ్బింది) అన్న మాట చదువుకుని, అదే కారణమనుకుని మళ్లీ సూది మందులకు తిరిగివచ్చినవాళ్లను చాలామందిని చూశాను.

ఇంట్లో ఒక విషయం గమనించి డాక్టర్ గారికి చెప్పండి. నడుస్తుంటే నాన్నగారి కాలి చెప్పు జారిపోతోందా? జారిన సంగతి ఆయనకు తెలుస్తోందా, వెనక నుంచి ఎవరో చెబితేనే తెలుస్తోందా? తెలిసీ జారుతుంటే బలం తగ్గిందని, తెలియకుండా జారుతుంటే స్పర్శ తగ్గిందని డాక్టర్లు అర్థం చేసుకుంటారు. చొక్కా గుండీలు పెట్టుకోవడం, అన్నం కలుపుకోవడం కష్టమవుతోందా అన్నది కూడా ముఖ్యమే. చేతులు కూడా మొద్దుబారుతుంటే చూపు మెడ వైపు మళ్లాలి. ఇవన్నీ ఏ యంత్రమూ చెప్పదు.

ఇక ముంజేతి ఎక్స్‌రే. మన వైపు మామూలుగా రాసే పరీక్ష ఇది, దానికి కారణం మన నీళ్లు. మర్రిగూడ, చండూరు, మునుగోడు, నాంపల్లి, దేవరకొండ ప్రాంతాల్లో గ్రానైటు రాళ్ల మధ్య నుంచి వచ్చే బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దిక్కు లేనప్పుడు 1.5 వరకు ఓర్చుకోవచ్చని భారత ప్రమాణం. దానికి ఎన్నో రెట్లున్న నీళ్లను తరాల తరబడి తాగిన ఊళ్లు మనవి. ఆ నీళ్లను శుద్ధి చేసేందుకు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీరీ అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు రూపొందించిన పద్ధతికి ప్రపంచమంతటా 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు. మన జిల్లా పేరు పుస్తకాల్లోకి ఎక్కిన తీరు అది. ఇప్పుడు మిషన్ భగీరథ కృష్ణా నీళ్లు వస్తున్నాయి, చిన్నపిల్లల పరిస్థితి మారుతోంది. కానీ మీ నాన్నగారి ఎముకల్లో పేరుకున్నది చిన్నప్పటిది, అది అంత తొందరగా పోదు.

ఫ్లోరైడ్ ఎముకలోకి చేరితే ఎముక చిక్కబడుతుంది. ఎక్స్‌రే ఫిల్మ్ మీద మామూలు వెన్నుపూసలో సన్నని గీతల అల్లిక కనిపిస్తుంది. ఫ్లోరోసిస్ ముదిరినవారి వెన్నుపూస సుద్దముక్కలా తెల్లగా, లోపలి అల్లిక చెరిగిపోయి ఉంటుంది. చిక్కబడిందంటే గట్టిపడిందని సంతోషించవద్దు, అలాంటి ఎముక పెళుసుగా ఉంటుంది. దీనికంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. ఎముకలను కట్టి ఉంచే స్నాయువులు కూడా ఎముకగా మారిపోతాయి. వెన్ను వంగదు, మెడ తిరగదు. పక్కనున్న మనిషిని చూడాలంటే మొత్తం ఒంటినే తిప్పాల్సి వస్తుంది. వెన్నుపాము వెళ్లే దారి వెనక గోడలోని స్నాయువు గట్టిపడి లోపలికి పెరిగితే వెన్నుపాము నలిగిపోతుంది. మెడ ఎంఆర్‌ఐ రాసింది దీని కోసమే అయి ఉండాలి.

అయితే తెల్లబడ్డ ఎముకలన్నీ ఫ్లోరోసిస్ కావు. 61 ఏళ్ల మగమనిషి వెన్నుపూస తెల్లగా కనిపిస్తే ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకిందేమోనని కూడా చూడాలి. కిడ్నీలు చాలాకాలంగా పాడైనవారిలోనూ ఎముక తీరు మారుతుంది. ఇక్కడే ముంజేయి ఉపయోగపడుతుంది. ముంజేతిలో రెండు ఎముకలుంటాయి, వాటి మధ్య ఒక పలుచని పొర ఉంటుంది. ఫ్లోరోసిస్‌లో ఆ పొర గట్టిపడి, ఎముక అంచు నుంచి ముళ్లలా పొడుచుకొచ్చినట్టు ఫిల్మ్‌లో కనిపిస్తుంది. క్యాన్సర్‌లో అలా ఉండదు. చాలా తక్కువ ఖర్చుతో అయిపోయే ఎక్స్‌రే అది, పది నిమిషాల పని. దానితోపాటు ప్రోస్టేట్ కోసం పీఎస్‌ఏ, కిడ్నీల కోసం క్రియాటినిన్ అనే రక్త పరీక్షలు కూడా రాసి ఉంటారు. రాయకపోతే అవసరమా అని అడగండి, అడగడంలో తప్పులేదు.

పళ్లు చూసి నిర్ణయానికి రావద్దన్నది కూడా ఇక్కడే చెప్పాలి. పళ్ల మీది గోధుమరంగు గారలు, చిన్నతనంలో, అంటే పళ్లు ఏర్పడే వయసులో, ఆ నీళ్లు తాగినవారికే వస్తాయి. వేరే ఊరు నుంచి పెళ్లి చేసుకుని ఈ ఊళ్లకు వచ్చిన ఆడవాళ్ల పళ్లు తెల్లగానే ఉంటాయి. ముప్పై ఏళ్ల తరువాత ఎముకలు మాత్రం బిగుసుకుపోతాయి. "నా పళ్లు బాగానే ఉన్నాయి కదా, నాకు ఫ్లోరైడ్ ఏమిటి" అని వాదించిన అమ్మలను చాలామందిని చూశాను.

నొప్పి మాత్రల గురించి ఒక మాట. నడుము నొప్పికి ఆర్‌ఎంపీ దగ్గర వారానికో సూది, రోజుకో మాత్ర అలవాటైనవాళ్లు మన పల్లెల్లో ఎంతమందో. ఆ మందులు ఏళ్ల తరబడి వాడితే కిడ్నీలు దెబ్బతినవచ్చు. ఒంట్లోని ఫ్లోరైడ్ బయటికి పోవాల్సింది ఆ కిడ్నీల గుండానే. అంటే నొప్పి కోసం వేసుకునే మాత్ర, నొప్పికి కారణమైన దాన్నే ఒంట్లో నిలవపెట్టే పరిస్థితి వస్తుంది. మీ నాన్నగారు ఇప్పటివరకు వాడిన మాత్రల ఖాళీ అట్టలన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. పేర్లు గుర్తులేవనే జవాబుతో సగం వైద్యం ఆగిపోతుంది.

ఎంఆర్‌ఐ అయిన తరువాత మళ్లీ అదే మెడకు సీటీ రాస్తే, దండుకోవడానికే రాశారని అప్పుడే అనుకోవద్దు. ఎంఆర్‌ఐ శరీరంలోని నీటిలో ఉండే హైడ్రోజన్ నుంచి వచ్చే సంకేతంతో బొమ్మ తయారుచేస్తుంది. వెన్నుపాము, నరాలు, డిస్కులు, కండరాలు అందులో చక్కగా కనిపిస్తాయి. వెన్నుపాము ఎంత నలిగింది, లోపల దెబ్బ తగిలిందా అన్నది అదే చెబుతుంది. గట్టిపడిన ఎముకలో నీరు తక్కువ కాబట్టి అది నల్లగా, అస్పష్టంగా ఉండిపోతుంది. సీటీ పనిచేసేది ఎక్స్‌రేతోనే, కాబట్టి ఎముక దానికి బాగా దొరుకుతుంది. ఆపరేషన్ చేయాల్సి వస్తే, గట్టిపడిన స్నాయువు ఎంత మందంగా ఉంది, ఎన్ని పూసల మేర పాకింది అన్నది సర్జన్‌కు సీటీలోనే స్పష్టంగా తెలుస్తుంది. రెండింటి పనులు వేరు.

ఎంఆర్‌ఐ పెద్దది, దాని కింద సీటీ, దాని కింద ఎక్స్‌రే అని మెట్లు పేర్చుకోవడం మన జనంలో బాగా పాతుకుపోయింది. ధరల వరుస అలాగే ఉండటం దీనికి కారణం కావచ్చు. పక్షవాతం వచ్చి మూతి వంకరపోయిన మనిషిని ఆసుపత్రికి తెస్తే మొదట చేసేది మామూలు సీటీనే. మెదడులో రక్తం కారిందా, రక్తనాళం మూసుకుపోయిందా అన్నది నిమిషాల్లో తేలాలి, కారిన రక్తం సీటీలో వెంటనే తెల్లగా కనిపిస్తుంది. రక్తనాళం మూసుకుపోయి ఉంటే గడ్డ కరిగించే సూది నాలుగున్నర గంటలలోపు ఇవ్వాలి. ఆ గంటలన్నీ పసరు కోసం ఊరూరా తిరగడంలో పోగొట్టుకుని సాయంత్రానికి సీటీ గదికి వచ్చిన కుటుంబాలను తలచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. మీ ప్రశ్నలో ఇది లేదు, అయినా రాయకుండా ఉండలేకపోయాను.

ఒళ్లంతా స్కాన్ ప్యాకేజీ సంగతికి వస్తాను. 1994లో అమెరికాలో, నడుము నొప్పి అనేదే లేని 98 మందికి నడుము ఎంఆర్‌ఐ తీసి చూశారు. వారిలో సగానికి పైగా, 52 శాతం మందికి, ఏదో ఒకచోట డిస్క్ ఉబ్బి ఉంది. 27 శాతం మందికి డిస్క్ బయటికి పొడుచుకొచ్చి ఉంది. వాళ్లందరూ హాయిగా తిరుగుతున్నవాళ్లే. వయసుతో జుట్టు తెల్లబడటం ఎంత సహజమో డిస్క్ అరగడం కూడా అంతే. అలాంటప్పుడు కాలి నుంచి తల దాకా స్కాన్ తీస్తే ఏమవుతుంది? కిడ్నీలో నీటి తిత్తి, కాలేయంలో చిన్న మచ్చ, థైరాయిడ్‌లో గడ్డ, ఏదో ఒకటి దొరుకుతుంది. వాటిలో చాలావాటితో ఏ ప్రమాదమూ ఉండదు. కానీ రిపోర్టులోకి ఎక్కాక అది ఏమిటో తేల్చుకునే దాకా ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. ఇంకో స్కాన్, ఒక్కోసారి సూదితో ముక్క తీయడం దాకా వెళుతుంది. పైగా ఒళ్లంతా తీసే స్కాన్‌లో మెడను సన్నని పొరలుగా, దగ్గరదగ్గరగా బొమ్మలు తీయరు. మీకు కావాల్సిన చోటే బొమ్మ పలుచబడుతుంది. పరీక్ష చేసిన డాక్టర్ "ఇక్కడ వెన్నుపాము నొక్కుకుందా" అని స్పష్టంగా అడిగితేనే మేము సరిగ్గా తీయగలం, రేడియాలజిస్టు సరిగ్గా చదవగలరు. చీటీ మీద 'నొప్పి' అని ఒక్క మాట రాసి పంపితే జవాబు కూడా అంతే మొద్దుగా వస్తుంది.

స్కానింగ్ సెంటర్ నుంచి పంపినవారికి కమీషన్ ముట్టే అలవాటు మన పట్టణాల్లో ఉందన్నది దాచాల్సిన రహస్యమేమీ కాదు. అందుకే అనుమానం రావడం సహజం. దానికి ఒక సులువైన పరీక్ష ఉంది. "సార్, ఇందులో ఏమి తేలితే వైద్యం మారుతుంది?" అని అడగండి. మీ డాక్టర్ గారి దగ్గర జవాబు ఉంటుంది: వెన్నుపాము నలిగి ఉంటే ఆపరేషన్ గురించి ఆలోచించాలి, లేకపోతే మందులు, వ్యాయామంతో చూడాలి. జవాబు చెప్పకుండా విసుక్కుంటే ఇంకో డాక్టర్‌ను కలవండి.

అమ్మగారి విషయం తేలిక. పిత్తాశయంలో రాళ్లకు అల్ట్రాసౌండే అన్నిటికంటే మంచి పరీక్ష. సీటీ తీస్తే ఇంకా బాగా తెలుస్తుందనుకోవడం పొరపాటు. కొలెస్ట్రాల్‌తో ఏర్పడిన కొన్ని రాళ్ల చిక్కదనం పైత్యరసంతో సమానంగా ఉంటుంది కాబట్టి సీటీలో అవి కనిపించకుండా పోతాయి. అల్ట్రాసౌండ్‌లో మాత్రం రాయి మెరుస్తుంది, దాని వెనక నల్లని నీడ పడుతుంది. పరగడుపున రమ్మనేది కూడా ఇందుకే, ఏమైనా తింటే పిత్తాశయం ముడుచుకుపోతుంది. "ఒక్క ఇడ్లీనే తిన్నాను" అంటూ వచ్చినవాళ్లను మరునాటికి వాయిదా వేస్తే మమ్మల్ని తిట్టుకునేవారు. చాయ్ కూడా తాగవద్దు, అందులో పాలుంటాయి.

ఆమెకు నూనె పదార్థాలు తిన్నాక కుడివైపు డొక్క కింద నొప్పి వచ్చి, వీపు వైపు, భుజం వైపు పాకుతుంటే అది రాయి నొప్పే కావచ్చు, సర్జన్‌ను కలవండి. ఏ నొప్పీ లేకుండా యాదృచ్ఛికంగా బయటపడిన రాయికి సాధారణంగా వెంటనే ఆపరేషన్ అక్కరలేదు. కళ్లు పచ్చబడినా, చలిజ్వరం వచ్చినా మాత్రం ఆగవద్దు. రాయి పైత్యనాళంలోకి జారిందేమో చూడటానికి అప్పుడు ఎంఆర్‌సీపీ అనే ఎంఆర్‌ఐ రాస్తారు. రిపోర్టులోని 'గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్' చూసి భయపడినట్టున్నారు. ఆ మాట ఇప్పుడు ఎందరి రిపోర్టుల్లోనో ఉంటోంది. దానికి వేరే స్కాన్ అక్కరలేదు. షుగరు, కొలెస్ట్రాల్ చూపించుకుని, బరువు తగ్గించుకోవాలి.

కిడ్నీలో రాళ్ల విషయం దీనికి పూర్తిగా భిన్నం. మీరు అడగలేదు కానీ, మన ఎండల్లో పనిచేసేవారికి తప్పని బాధ ఇది. అల్ట్రాసౌండ్‌లో కిడ్నీ వాచిందని తెలుస్తుంది, మూత్రనాళం మధ్యలో ఇరుక్కున్న చిన్న రాయి పేగుల్లోని గాలి చాటున దాక్కుంటుంది. ఆ రాయిని పట్టుకోవడంలో రంగు మందు లేకుండా తీసే సీటీకి సాటి లేదు. మామూలు ఎక్స్‌రేలో కనిపించని యూరిక్ ఆమ్లపు రాయి కూడా అందులో దొరుకుతుంది. చూశారా, ఒక రాయికి అల్ట్రాసౌండ్ మేలు, ఇంకో రాయికి సీటీ మేలు.

మేనమామ విషయంలో నాకు నిజంగానే ఆందోళనగా ఉంది. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల పైభాగంలో మచ్చలు చూసి ఊళ్లో టీబీ మందులు మొదలుపెట్టారని, తెమడ పరీక్ష చేయలేదని రాశారు. ఎక్స్‌రే అనుమానం మాత్రమే చెబుతుంది, టీబీ అని తేల్చాల్సింది తెమడ పరీక్షే. సీబీనాట్, ట్రూనాట్ అనే పరీక్షలు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. అవి టీబీ ఉందా అన్నదే కాక, ముఖ్యమైన మందుకు అది లొంగుతుందా అన్నది కూడా చెబుతాయి. టీబీ అని తేలి పేరు నమోదైతే పోషణ కోసం నెలకు 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి.

క్రషర్‌లో పని అన్నారు కాబట్టి సిలికోసిస్ గురించి డాక్టర్‌ను తప్పకుండా అడగాలి. రాతి ధూళిలోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరి చిన్నచిన్న గడ్డలు కడుతుంది. అవి కూడా పైభాగంలోనే ఎక్కువగా కనిపిస్తాయి, కాబట్టి ఫిల్మ్ చూస్తే టీబీలాగే ఉంటుంది. కొందరిలో ఊపిరితిత్తుల మొదట్లోని గ్రంథుల చుట్టూ సన్నని తెల్లని అంచు కట్టడం ఒక గుర్తు. ఇంకో చిక్కు ఏమిటంటే, సిలికోసిస్ ఉన్నవారికి టీబీ సులభంగా సోకుతుంది. ఒకటుంటే రెండోది లేదని కాదు. టీబీ మందులు నెలల తరబడి వాడినా ఆయాసం తగ్గక, కోర్సు మీద కోర్సు వేసుకునే రాళ్ల పనివారు పాలమూరు వైపు కొత్తేమీ కాదు. పుణె, ముంబై వైపు వలస వెళ్లి వచ్చినవారిదీ ఇదే కథ. డాక్టర్ ఎక్స్‌రే చూసేటప్పుడు 'ఏం పని చేస్తావు' అని అడగకపోయినా మీరే చెప్పండి: ఎన్నేళ్లుగా, ఏ రాయి, మూతికి గుడ్డ తప్ప ఏమైనా కట్టుకున్నాడా అన్నవన్నీ. సిలికోసిస్ వృత్తి వ్యాధి. 1923 నాటి పరిహార చట్టం జాబితాలోనూ, 1948 ఫ్యాక్టరీల చట్టం జాబితాలోనూ ఉండేది, 2025 నవంబరులో వాటి స్థానంలోకి వచ్చిన కార్మిక కోడ్‌ల జాబితాల్లోనూ ఉంది. కాబట్టి రోగం పేరు కాగితం మీద సరిగ్గా పడటం వైద్యానికే కాదు, పరిహారానికీ అవసరం. పాత ఫిల్ములు ఏవీ పారేయవద్దు.

రేడియేషన్ గురించి. అల్ట్రాసౌండ్ శబ్దం, ఎంఆర్‌ఐ అయస్కాంతం, రేడియో తరంగాలు. ఈ రెండింటిలో ఎక్స్‌రే కిరణాలు లేవు. మిగతావాటిని కొలిచేది మిల్లీసీవర్ట్‌లలో. ఏ ఆసుపత్రికీ వెళ్లని మనిషికి కూడా నేల నుంచి, ఆకాశం నుంచి, తిండి నుంచి ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్ట్‌లు అందుతుంది. ఒక ఛాతీ ఎక్స్‌రేకు 0.1 లోపే. నడుము ఎక్స్‌రేకు సుమారు 1.5. పొట్ట సీటీకి 8 నుంచి 10 దాకా. ముంజేతి ఎక్స్‌రే లెక్కలోకి వచ్చేది కాదు. 61 ఏళ్ల మీ నాన్నగారికి నాలుగు ఎక్స్‌రేల వల్ల ఏమవుతుందోనన్న దిగులు అనవసరం. జాగ్రత్త అవసరమైంది చిన్నపిల్లలకు, గర్భిణులకు, చీటికిమాటికి పొట్ట సీటీ తీయించుకునేవారికి. నెల తప్పిన అనుమానం ఉంటే ఎక్స్‌రే గదిలోకి అడుగుపెట్టక ముందే చెప్పాలి. కిరణాలు ఒంట్లో నిలవ ఉంటాయన్నది వట్టి అపోహ, యంత్రం ఆగగానే అవీ ఆగిపోతాయి.

అనవసరపు రేడియేషన్‌కు నేను చూసిన పెద్ద కారణం పాత ఫిల్ము పోగొట్టుకోవడం. రేకుల ఇంట్లో ఎండ తగిలే గూట్లో పెడితే ఇప్పటి ఫిల్ములు వేడికి నల్లబడతాయి. అల్ట్రాసౌండ్ కాగితపు బొమ్మలు కొన్నాళ్లకు వెలిసిపోతాయి. సీడీ అడిగి తీసుకోండి, రిపోర్టులను ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి.

ఎంఆర్‌ఐ రోజు గురించి మీరు ముందే సిద్ధం కావాల్సింది ఒకటి ఉంది. మెడ, వీపు వంగి బిగుసుకుపోయిన మనిషి వెల్లకిలా తిన్నగా పడుకోలేడు. ఆ బల్ల మీద అరగంట దాకా కదలకుండా ఉండాలి. మెడ చుట్టూ పెట్టే పరికరంలో వంగిన మెడ ఇమడకపోవచ్చు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఈ సంగతి సెంటర్ వారికి చెప్పండి. మోకాళ్ల కింద, తల కింద మెత్తలు పెట్టి సర్దుతారు, వీలుకాకపోతే మత్తు డాక్టర్ ఉన్నచోటికి పంపుతారు. చెప్పకుండా వెళితే దేవరకొండ రోడ్డంతా ప్రయాణం చేసి వట్టిచేతులతో తిరిగి రావాల్సి ఉంటుంది.

లోహాల విషయంలో మొహమాటం వద్దు. ఆ అయస్కాంతం ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది, స్కాన్ లేనప్పుడు కూడా. 2018 జనవరిలో ముంబైలో ఒక ఆసుపత్రి ఎంఆర్‌ఐ గదిలోకి ఆక్సిజన్ సిలిండర్‌తో వెళ్లిన వ్యక్తి ప్రాణమే పోయింది. మొలతాడు, దానికున్న తాయెత్తు, బెల్టు, జేబులో చిల్లర అన్నీ బయటే తీసేయాలి. మన ఆడవాళ్ల పుస్తెలతాడుకు గుత్తిగా వేలాడే పిన్నీసులు ఉక్కువి, బంగారం కంటే వాటితోనే ముప్పు. అమ్మగారు తోడుగా లోపలికి వెళ్లాలనుకుంటే ఆమెకూ ఇదే నియమం. గుండెకు పేస్‌మేకర్ ఉన్నా, మెదడులో క్లిప్పు వేసినా, వెల్డింగ్ పనిలోనో రాయి కొట్టే పనిలోనో ఎప్పుడైనా కంట్లో ఇనుప రజను పడినా ముందే చెప్పాలి. విరిగిన కాలికి వేసిన రాడ్డు సాధారణంగా అడ్డు కాదు, అయినా చెప్పాల్సిందే. మెడ ఎంఆర్‌ఐకి రంగు మందు చాలాసార్లు అవసరం ఉండదు. ఏ స్కాన్‌కైనా రంగు మందు ఎక్కిస్తామంటే, నొప్పి మాత్రలు బాగా వాడిన మనిషి కాబట్టి క్రియాటినిన్ రిపోర్టు చూపించండి, షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ఆ మాట కూడా చెప్పండి.

ఖర్చు మాట. నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రులున్నాయి, ముందు అక్కడ ప్రయత్నించండి. ఆపరేషన్ దాకా వెళితే ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి 10 లక్షలు. ఆ పథకం తరఫున ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రను చేరకముందే కలవాలి, చేతి డబ్బు కట్టేశాక కాదు. హైదరాబాద్ పంపితే పంజాగుట్ట నిమ్స్‌లో వెన్నెముక చూసే న్యూరోసర్జరీ విభాగం ఉంది. ఈలోగా నాన్నగారికి మూత్రం ఆగిపోయినా, మూత్రం తెలియకుండా పడిపోతున్నా, కాళ్ల బలం రోజురోజుకూ తగ్గుతున్నా అపాయింట్‌మెంట్ తేదీ కోసం ఎదురుచూడవద్దు. అదే రోజు, రాత్రయినా సరే, క్యాజువాలిటీకి తీసుకెళ్లి మెడ ఎంఆర్‌ఐ రాసిన చీటీ, నడుము ఎక్స్‌రే ఫిల్ము అక్కడి డాక్టర్‌కు చూపించండి.